రొమేనియా పాఠాన్ని అనాథాశ్రమం గేటు దగ్గరే ఆపేయకండి: సోషల్ వర్క్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో సోషల్ వర్క్ పాఠ్యప్రణాళికలు ఖరారు చేసే పెద్దలకు,

నమస్కారం.

పిల్లల్ని అనాథాశ్రమాల్లాంటి సంస్థల్లో పెంచడం గురించి పాఠం మొదలవగానే తూర్పు ఐరోపా దేశం రొమేనియా పేరు వస్తుంది. 1990లో ప్రపంచం చూసిన ఇనుప ఊచల మంచాల ఫొటోలు, 136 మంది పసివాళ్లతో 2000 తర్వాత బుకారెస్ట్‌లో జరిగిన అధ్యయనం, సంస్థలో పెరిగిన బిడ్డకూ ఫాస్టర్ ఇంట్లో (పరాయి బిడ్డను తమ ఇంట్లో ఉంచి పెంచే కుటుంబంలో) పెరిగిన బిడ్డకూ మెదడు ఎదుగుదలలో తేడా. పాఠం అక్కడితో అయిపోతుంది. అసలు కథ ఆ తర్వాతే ఉందని చెప్పడానికే ఈ లేఖ. ఒక దేశంలో డబ్బు దారి మారినప్పుడల్లా సోషల్ వర్కర్ రోజువారీ పని ఎలా మారిపోతుందో రొమేనియాలో కనిపించినంత స్పష్టంగా కనిపించే చోట్లు తక్కువ. ఎందుకంటే అక్కడ ఈ వృత్తినే ఇరవై ఏళ్ల పాటు తుడిచేసి, మళ్లీ మొదటి అక్షరం నుంచి రాశారు.

బుకారెస్ట్‌లో సోషల్ వర్క్ ఉన్నత పాఠశాల 1929లోనే మొదలైంది. కమ్యూనిస్టు పాలనలో, 1952లో, దాన్ని డిగ్రీ స్థాయి నుంచి దించి మధ్యస్థాయి శిక్షణగా చేశారు. 1969లో అదీ మూసేశారు. కారణం సిద్ధాంతం: సోషలిజంలో పేదరికం ఉండదు, కాబట్టి పేదల కోసం ఒక వృత్తి అక్కర్లేదు. ఆ మాటకు ఆధారంగా ఫ్యాక్టరీ ఉండేది. ఇల్లు, బిడ్డకు క్రెష్, క్యాంటీన్, డిస్పెన్సరీ, వేసవిలో సముద్రతీరానికి సెలవు టికెట్టు, అన్నీ ఉద్యోగంతోనే వచ్చేవి. మరి ఫ్యాక్టరీ చేయి అందనివాళ్ల సంగతి? పని లేకుండా తిరిగేవాడిని శిక్షించడానికి 1970లో 153వ నంబరు డిక్రీ వచ్చింది. అంతకుముందే, 1966 నాటి 770వ డిక్రీ గర్భస్రావాన్ని దాదాపు నిషేధించింది. వద్దనుకున్నా పుట్టిన పిల్లల్ని, పెంచలేని ఇళ్ల పిల్లల్ని, వైకల్యం ఉన్న పిల్లల్ని ప్రభుత్వ సంస్థలు తీసుకున్నాయి. మూడేళ్లు నిండేదాకా ఒక రకం సంస్థ. నిండాక ఒక కమిషన్ చూసి, బాగుపడేవాళ్లని ఒక పక్కకు, బాగుపడనివాళ్లని ఇంకో పక్కకు వేరుచేసేది. రెండో పక్కకు పోయినవాళ్ల గది ఎలా ఉండేదో ఆ ఫొటోల్లో చూశాం.

1989 చివరికి సంస్థల్లో ఉన్న పిల్లలు సుమారు లక్ష. వాళ్లలో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. కనుక ముందు ‘అనాథాశ్రమం’ అనే మాటను పాఠంలోంచి తీసేయండి. ఆ మాట ఉన్నంతకాలం ఇది దిక్కులేని పిల్లల కథలా వినిపిస్తుంది. నిజానికి ఇది జీతానికి అందని ఖర్చునంతా ప్రభుత్వం ఒక గోడౌన్‌లో పెట్టి తాళం వేసిన కథ.

1989 డిసెంబరులో కమ్యూనిస్టు నేత చౌషెస్కు పాలన కూలింది. 1990లో బుకారెస్ట్, క్లుజ్, యాష్, తిమిషోరా విశ్వవిద్యాలయాల్లో సోషల్ వర్క్ కోర్సులు మళ్లీ తెరిచారు. సరిగ్గా అదే సమయంలో ఫ్యాక్టరీ అందించిన రక్షణ ఒక్కో దారం చొప్పున తెగిపోతోంది. 1993లో ధరలు ఏడాదిలో 256 శాతం పెరిగాయి. పిల్లల అలవెన్సు చేతికొచ్చేసరికి దాని విలువ కరిగిపోయేది. ప్రభుత్వ ఫ్లాట్లను అందులో ఉంటున్నవాళ్లకే తక్కువ ధరకు అమ్మేశారు, 1992 నాటి 85వ చట్టం అందుకు దారి తెరిచింది. ఇల్లు సొంతమైంది, శీతాకాలంలో వెచ్చదనం బిల్లు కూడా సొంతమైంది. ఉమ్మడి హీటింగు బాకీ కట్టలేని, ఒకే మెట్లు వాడే ఫ్లాట్ల వరసలు ఒకటొకటిగా పైపు కోయించుకున్నాయి.

భూమి విషయం ఇంకా ముఖ్యం, మీరు దీని మీద ఒక గంట పెట్టినా తప్పు లేదు. 1991 నాటి 18వ చట్టం సహకార క్షేత్రాలను విడగొట్టి, పూర్వం భూమి ఉన్నవాళ్లకు తిరిగి ఇచ్చింది. పూర్వం సెంటు భూమి కూడా లేక ఆ క్షేత్రాల్లో కూలి చేసిన చాలా కుటుంబాలకు, అందులో చాలామంది రోమా అనే మైనారిటీ ప్రజలు, చేతిలో ఏమీ మిగల్లేదు. ఊరి చివర ఖాళీ జాగాలో గుడిసె వేసుకున్నారు. ఆ జాగాకు పట్టా లేదు. పట్టా లేకపోతే చిరునామా రుజువు లేదు. చిరునామా రుజువు లేనివాళ్లకు తాత్కాలిక గుర్తింపు కార్డు మాత్రమే ఇచ్చేవారు, దాని గడువు ఏడాది మించేది కాదు. ఏడాది తిరిగేసరికి మళ్లీ వరసలో నిలబడాల్సి వచ్చేది. మధ్యలో ఆ గడువు దాటిపోతే సాయం దరఖాస్తు నిలిచిపోయేది. కౌన్సెలింగ్ నేర్చుకుని ఊళ్లోకి వెళ్లిన సోషల్ వర్కర్‌కు మొదట ఎదురైన పని కాగితం పని. బర్త్ సర్టిఫికెట్, ఆ తర్వాత చిరునామా, గుర్తింపు కార్డు, చివర్లో సాయం దరఖాస్తు. ఈ వరసలో తెగేది ఎప్పుడూ రెండో మెట్టు దగ్గరే. దాని వేరు 1991 నాటి భూమి చట్టంలో ఉందని తెలియని విద్యార్థి, ఆ కుటుంబానిది నిర్లక్ష్యం అని కేసు ఫైల్లో రాసేస్తాడు.

ఇక నగదు సాయం. విద్యార్థుల చేత పెన్ను పట్టించి లెక్క చేయించాల్సిన భాగం ఇదే.

1995లో 67వ చట్టం పేదలకు నెలవారీ సాయం హక్కుగా ఇచ్చింది. మాట మంచిదే. కానీ డబ్బు స్థానిక కౌన్సిల్ బడ్జెట్లోంచి రావాలి. ఫ్యాక్టరీ మూతపడిన ఊళ్లో దరఖాస్తులు పెరుగుతాయి, అదే ఊళ్లో పన్నుల రాబడి పడిపోతుంది. అవసరం ఎంత ఎక్కువో డబ్బు అంత తక్కువ. కొద్ది ఏళ్లలో చాలా కౌన్సిళ్లు సాయం అరకొరగా ఇచ్చాయి, కొన్ని ఆపేశాయి. చట్టం మాత్రం అలాగే అమల్లో ఉండేది! హక్కు ఉందని ఆఫీసుకొచ్చిన మనిషికి ఖజానా ఖాళీ అని చెప్పే పని సోషల్ వర్కర్ మీద పడింది.

దాన్ని సరిదిద్దడానికి 2001లో 416వ చట్టం, కనీస హామీ ఆదాయం, వచ్చింది. 2002 జనవరి నుంచి అమలు. తర్వాత 2011 నుంచి చెల్లింపులు నేరుగా కేంద్ర శాఖ బడ్జెట్లోంచి వెళ్లాయి. దరఖాస్తు వచ్చాక ఇంటికి వెళ్లి సామాజిక విచారణ చేయాల్సి వచ్చేది. ఎవరెవరు ఉంటున్నారు, ఆదాయం ఎంత, ఇంట్లో ఏ వస్తువులు ఉన్నాయి. మంజూరయ్యాక కూడా ఆ విచారణ ఎప్పటికప్పుడు మళ్లీ జరగాల్సి ఉండేది. పని చేయగల సభ్యుడు ఒకరు మేయరు చెప్పిన ఊరి పని చేయాల్సి ఉండేది. మొదటి చట్టంలోని లోపం పోయింది. కొత్తది ఇంకోచోట తేలింది, సూచికలో.

సాయం మొత్తాన్ని ‘సామాజిక సూచిక విలువ’ అనే ఒక అంకెకు ముడిపెట్టారు. ఆ అంకె ఏళ్ల తరబడి 500 లెయి (రొమేనియా కరెన్సీ) దగ్గరే కదలకుండా ఉండిపోయింది. ఒంటరి మనిషికి అందులో 0.283 వంతు, అంటే 141.5 లెయి. 2014 జనవరిలో కనీస వేతనం 850 లెయి, అప్పుడు సాయం అందులో ఆరో వంతు. 2021 జనవరికి కనీస వేతనం 2,300 లెయి. సాయం అదే 141.5. పదహారో వంతుకు దిగింది. ఎవరూ కోత అనే మాట అనలేదు, పార్లమెంటులో ఓటింగూ జరగలేదు. ఒక అంకెను ముట్టుకోకుండా వదిలేశారు, అంతే.

దీనికో వింత తోక ఉంది. ఊరి పని గంటలను సాయం మొత్తాన్ని కనీస వేతనపు గంట రేటుతో భాగించి తేల్చేవారు. 2014లో గంటకు సుమారు 5 లెయి, కాబట్టి నెలకు దాదాపు 28 గంటల పని. 2021లో గంటకు 13.6 లెయి దాకా, కాబట్టి 10 గంటలు. సాయం తీసుకునేవాళ్లు పని చేయడం మానేశారని ఊళ్లో మాట పుట్టడానికి ఈ భాగహారం చాలు. వాళ్ల సోమరితనం మీద వ్యాసం రాయమంటే విద్యార్థులు రాస్తారు. ముందు ఈ లెక్క చేయించండి.

ఈ చట్టం బదులు కొత్తది 2016లోనే, 196వ నంబరుతో, ఆమోదం పొందింది. అమలు వాయిదా మీద వాయిదా పడి 2024 జనవరి 1న మొదలైంది. అమలుకు ఏడేళ్లకు పైగా పట్టిన చట్టాన్ని పరీక్షలో ‘2016లో సంస్కరణ జరిగింది’ అని ఒక్క వాక్యంలో రాసినవాడికి మార్కు ఇవ్వకండి.

మన దగ్గర దీనికి దగ్గరి బంధువు మిషన్ వాత్సల్య అనే కేంద్ర బాలల సంరక్షణ పథకంలోని స్పాన్సర్‌షిప్, అంటే బిడ్డ కోసం కుటుంబానికి ఇచ్చే నెలవారీ సాయం. దానికి ముందున్న ఐసీపీఎస్ పథకంలో నెలకు 2,000 రూపాయలు ఉండేది, ఇప్పుడు 4,000. అది ధరలకు ముడిపడిన అంకె కాదు, ఉత్తర్వులో రాసిన అంకె. మళ్లీ ఉత్తర్వు వచ్చేదాకా దాని కొనుగోలు శక్తి ఏటా ఎంత తగ్గుతుందో జిల్లా బాలల సంరక్షణ యూనిట్లో చేరబోయే పిల్లలకు వేసి చూపించడం కష్టమేమీ కాదు.

పిల్లల సంస్థల దగ్గరికి తిరిగి వద్దాం. 1997లో ఒక అత్యవసర ఆర్డినెన్సు వాటిని కేంద్రం నుంచి తీసి కౌంటీ (మన జిల్లా లాంటిది) కౌన్సిళ్లకు అప్పగించింది. కాగితం మీద అది సరైన పనే. బిడ్డ ఊరికి దగ్గరగా నిర్ణయం జరగాలి. కానీ బాధ్యత ముందు బదిలీ అయింది, డబ్బు వెనకబడింది. 1999లో కౌంటీలు సరఫరాదార్లకు బాకీ పడ్డాయి, కొన్ని హోముల్లో తిండికే కటకట. యూరోపియన్ యూనియన్‌లో చేరే చర్చలు 2000లో మొదలయ్యేసరికి పిల్లల సంస్థల పరిస్థితి ఒక షరతుగా మారింది. అప్పుడు వేగం వచ్చింది. 2004 నాటి 272వ చట్టం, 2005 జనవరి నుంచి, తీవ్ర వైకల్యం ఉన్న సందర్భాలు తప్పించి రెండేళ్లలోపు బిడ్డను సంస్థలో పెట్టకూడదంది. 2014లో దాన్ని మూడేళ్లకు పెంచారు. 41 కౌంటీలు, బుకారెస్ట్ ఆరు సెక్టార్లు, మొత్తం 47 చోట్ల బాలల సంరక్షణ డైరెక్టరేట్లు పనిచేస్తున్నాయి. పెద్ద సంస్థలు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఇది చిన్న విజయం కాదు. రొమేనియాను ఎప్పుడూ భయంకర ఉదాహరణగానే చూపించే అలవాటు మనకు పోవాలి.

ఆ విజయానికి వెన్నెముక ఎవరంటే, జీతం తీసుకునే ఫాస్టర్ తల్లులు. స్వచ్ఛంద సేవకులు కాదు, డైరెక్టరేట్‌తో ఉద్యోగ ఒప్పందం ఉన్నవాళ్లు. శిక్షణ, ధ్రువీకరణ, నెల జీతం, బిడ్డ ఖర్చు వేరు. బిడ్డకు ఇల్లు దొరకడానికి ఇదే కారణం. అయితే దీనితో ఫాస్టర్ కేర్ కూడా ప్రభుత్వ జీతాల పద్దులో ఒక వరస అయింది. ఆ వరస మీద 2010లో గొడ్డలి పడింది.

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత అంతర్జాతీయ ద్రవ్యనిధి, యూరోపియన్ యూనియన్ రుణాల కాలంలో, 2010 జూలై నుంచి ప్రభుత్వ ఉద్యోగుల జీతాలన్నీ 25 శాతం కోశారు. పెన్షన్లు 15 శాతం కోయాలనీ చూశారు, రాజ్యాంగ న్యాయస్థానం ఒప్పుకోలేదు. ఆ లోటు పూడ్చడానికి వ్యాట్‌ను 19 నుంచి 24 శాతానికి పెంచారు. అంటే పెన్షనర్‌కు కోర్టు కాపాడిన డబ్బులో కొంత రొట్టె కొన్నప్పుడు పోయింది. కొత్త నియామకాలు అంతకుముందే ఆపేశారు. నియామకాలు ఆగడం జీతం కోత కన్నా నెమ్మదిగా, లోతుగా పనిచేస్తుంది. ఒక సోషల్ వర్కర్ రిటైరైతే ఆమె ఫైళ్లు మిగతావాళ్ల బల్లల మీదికి వస్తాయి. రెండో మనిషి ఇటలీ వెళ్లిపోతే ఇంకొన్ని. ఫైళ్లు పెరిగినప్పుడు ముందుగా రాలిపోయేది ఇంటి సందర్శన. దానికి బండి కావాలి, పెట్రోలు కావాలి, సగం రోజు కావాలి. ఫైలు మాత్రం రాలిపోదు, ఆడిటర్ చూసేది దాన్నే. కనుక నాలుగు నెలల తర్వాత చూస్తే ఫైలు నిండుగా, ఇల్లు ఖాళీగా ఉంటాయి. ఇది రొమేనియన్ల లోపం అనుకునేవాళ్లు ఏ జిల్లాలోనైనా ఒక బాలల సంరక్షణ అధికారి కంప్యూటర్ ముందు ఒక పూట కూర్చుంటే చాలు.

ఖాళీలు నింపడానికి యూరోపియన్ నిధుల ప్రాజెక్టులు వచ్చాయి. రెండు మూడేళ్ల గడువు. చాలావాటికి ముందు ఖర్చు పెట్టి, బిల్లులు చూపించి, తర్వాత వాపసు తీసుకోవాలి. చేతిలో నిలవ డబ్బు లేని చిన్న సంస్థ ఆ మధ్య నెలల్లో జీతాలు ఇవ్వలేక చితికిపోతుంది. పెద్ద సంస్థ నిలుస్తుంది, ప్రాజెక్టు పూర్తవుతుంది, డే సెంటర్ తాళం కౌన్సిల్ చేతికి వస్తుంది. కౌన్సిల్‌లో దానికి పోస్టు మంజూరై ఉండదు. ప్రాజెక్టు ప్రతిపాదన రాయడం మీద మనం ఒక పేపరు నడుపుతున్నాం. ఆఖరి వాయిదా వచ్చిన మరుసటి నెల జీతం ఎవరిస్తారనే ప్రశ్నకు ఆ పేపర్లో చోటు ఇవ్వండి.

వలస గురించి. తూర్పు రొమేనియా ఊళ్ల నుంచి ఇటలీ, స్పెయిన్‌లకు లక్షల మంది వెళ్లారు. 2021 జనగణనలో జనాభా ఒక కోటి 90 లక్షలు, 1990లో రెండు కోట్ల 30 లక్షలు. వెనక అమ్మమ్మల దగ్గర మిగిలిన పిల్లల కోసం 272వ చట్టంలో 2013లో ఒక నియమం బలపరిచారు. పనికి విదేశం వెళ్లే తల్లి లేదా తండ్రి బయల్దేరడానికి కనీసం 40 రోజుల ముందు స్థానిక సామాజిక సేవకు తెలియజేయాలి. బిడ్డను ఎవరు చూస్తారో పేరు చెప్పాలి. ఆ వ్యక్తికి తల్లిదండ్రుల అధికారాన్ని కోర్టు తాత్కాలికంగా అప్పగిస్తుంది, ఏడాది మించకుండా. అది లేకపోతే బిడ్డకు ఆపరేషన్ కావాల్సి వచ్చినప్పుడు అమ్మమ్మ సంతకం చెల్లదు, బడిలో చేర్చడానికీ చిక్కే.

నియమం చక్కగా ఉంది. చాలామంది పాటించరు. తోటల్లో పనికి పిలుపు వచ్చేది వారం ముందు, 40 రోజుల ముందు కాదు. ఆఫీసుకు వెళ్లి చెబితే పిల్లల్ని లాక్కుంటారేమోనని భయం ఒకటి. పిల్లలు సంస్థలకు పోయిన కాలం చూసిన అమ్మమ్మలకు ఆ భయం వట్టిది కాదు. చాలా చోట్ల విషయం మొదట తెలిసేది బడి టీచరుకే. కాబట్టి పనిచేసే దారి టీచరు దగ్గర మొదలవుతుంది. హాజరు పడిపోయిందని టీచరు చెబుతుంది, సోషల్ వర్కర్ ఇంటికి వెళ్తాడు, అమ్మమ్మను కోర్టు మెట్లెక్కిస్తాడు.

జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన తండ్రుల పిల్లలకూ, కోనసీమ, కడప నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్లిన తల్లుల పిల్లలకూ ఈ పాఠం నేరుగా తగులుతుంది. మన ఎమిగ్రేషన్ క్లియరెన్సు వెళ్లే మనిషి గురించే అడుగుతుంది, నాయనమ్మ దగ్గర ఉండిపోయే బిడ్డ గురించి అడగదు. 40 రోజుల నియమాన్ని తెచ్చి ఇక్కడ అతికించమని మేం అనడం లేదు. అది అక్కడే సరిగా అంటుకోలేదు. బడి నుంచి మొదలుపెట్టే పద్ధతి మీద ఫీల్డ్‌వర్క్ పెట్టమంటున్నాం.

ఇంకో పోలిక జియు లోయ. పెట్రోషన్, లుపెని చుట్టూ బొగ్గు గనులు. 1997లో గని వదిలి వెళ్లేవాళ్లకు నెలల జీతాలు లెక్కగట్టి ఒకేసారి డబ్బు ఇచ్చారు. వేలమంది సంతకం పెట్టారు. ఆ ఏడాది ధరలు 150 శాతం పైగా పెరిగాయి, లోయలో వేరే పని లేదు. టీవీ, పాత కారు కొన్నాక మిగిలింది ఆవిరైంది. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష పైన ఉన్న ఉద్యోగులు ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. ఇక్కడ తగ్గింపు నెమ్మదిగా జరిగింది, వారసత్వ ఉద్యోగాల పోరాటం నడుమ. వేగం తేడా వల్ల కుటుంబాలకు ఏమైందో పోల్చే డిసర్టేషన్లకు గోదావరిఖని, కొత్తగూడెం కన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? పైగా 500 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ఫ్యాక్టరీకి వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ మీదే మన ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) బ్యాచ్‌లు ఎన్నో బతికాయి. ఫ్యాక్టరీతో ముడిపడిన సంక్షేమం మనకు పరాయిది కాదు.

వృత్తి హోదా గురించి ఒక్క మాట. లైసెన్సు, కౌన్సిల్ కావాలని మనం చాలాకాలంగా అడుగుతున్నాం. రొమేనియాకు 2004 నాటి 466వ చట్టంతో రెండూ దక్కాయి. జాతీయ కాలేజీ అనే వృత్తి మండలి, నాలుగు మెట్ల గ్రేడ్లు. అయినా చిన్న గ్రామ కొమ్యూన్లలో (మన పంచాయతీల్లాంటివి) ఆ పని ఇప్పటికీ ‘సామాజిక సాయం బాధ్యతలు ఉన్న వ్యక్తి’ అనే గుమస్తా చేస్తున్నాడు. అదే మనిషి వ్యవసాయ రిజిస్టరు కూడా రాస్తుండవచ్చు. చట్టం పేరును కాపాడింది, పోస్టును మంజూరు చేయలేదు. 2007లో దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరాక శిక్షణ పొందినవాళ్లలో కొందరు బ్రిటన్ కౌన్సిళ్లలో పిల్లల విభాగాలకు వెళ్లిపోయారు.

మా అభ్యర్థన ఇది. వచ్చే సవరణలో, సోషల్ వెల్ఫేర్ పాలన పేపర్లో, రొమేనియాకు 12 గంటలు ఇవ్వండి. అందులో నాలుగు గంటలు లెక్కలకే: 141.5 లెయి లెక్క, ఊరి పని గంటల లెక్క, మన స్పాన్సర్‌షిప్ మొత్తం లెక్క. ప్రతి విద్యార్థి తన ఫీల్డ్‌వర్క్ ఏజెన్సీ బడ్జెట్ నుంచి ఒక సేవను ఎంచుకుని, దాని డబ్బు ఏ పద్దులోంచి వస్తుందో, ఎవరి సంతకంతో విడుదలవుతుందో, ఎన్ని నెలలు ఆలస్యమవుతుందో, ఆగితే మొదట ఏ పని ఆగుతుందో రెండు పేజీల్లో రాయాలి. వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే అడగండి. సిద్ధాంతకర్తల పేర్లు తర్వాత అడగొచ్చు.

ఇట్లు,
బాలల సంరక్షణ, కార్మిక సంక్షేమ రంగాల్లో పనిచేస్తున్న కొందరు సోషల్ వర్కర్లు